నాలుగో స్తంభానికి వీపు ఆనించి

ఫిబ్రవరి 9

వదినగారికి నమస్కారాలు.

ముందుగా నా రాతని, తప్పుల్ని మన్నించండి. నేను చదివింది ఐదో తరగతి వరకే. ఒత్తు ఉండాల్సిన చోట మరిచిపోతాను, అక్కర్లేని చోట పెడతాను. గీతలు లేని కాగితం దొరికింది, అందుకే వరసలన్నీ కుడివైపుకి వచ్చేసరికి మెట్లు దిగినట్టు దిగిపోతున్నాయి. ఒకసారి రాసి, చింపి, మళ్లీ రాశాను. ఇది రెండోది, అయినా ఇలాగే ఉంది.

మీకు ఎడమ చెవి వినబడదు కాబట్టి ఫోన్ వద్దు, ఉత్తరం రాయి అన్నారు మీరు. నాకూ అదే మేలయింది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకు "ఆ", "ఊ" తప్ప ఇంకో మాట రాదు.

మొన్న మీ ఫోటో షాపుకి వచ్చినప్పుడు నా ఫోన్‌లో బొమ్మలు చూసి, "ఇవన్నీ నువ్వే తీశావా, అబద్ధమాడితే కళ్లు పోతాయి" అన్నారు. నేనే తీశాను వదినా. ఫోన్‌లో పంపితే ఫోటో నలిగిపోతుంది, పెద్దది చెయ్యడానికి పనికిరాదు అని చెప్పారు కదా. అందుకని మెమరీ కార్డునే కాగితంలో మడిచి ఈ ఉత్తరానికి సూదీదారంతో కుట్టాను. విప్పేటప్పుడు జాగ్రత్త.

ఇందులో పదకొండు ఫోటోలున్నాయి. ఒకదానిలో బడి కంచె ఇనుప కమ్మీని చెట్టు మింగేసింది. కమ్మీ ఒక పక్క లోపలికి వెళ్లి రెండో పక్క బయటికి వస్తుంది, సూది గుడ్డలోంచి వచ్చినట్టు. ఇంకోదానిలో వాగు మీది నీళ్ల పైపు పట్టుకుని ఒక తీగ అవతలి ఒడ్డుకి వెళ్లిపోయింది. మిగతావి ఎక్కువగా మీ తమ్ముడు కట్టిన గోడవే.

మీరు ఆ గోడ చూడలేదు కదా. మా వీధి చివర కొండ జారి రోడ్డు మీద పడకుండా కట్టిన రాతి గోడ అది. పని అన్నయ్యగారి పేరు మీద తీసుకున్నారు, కట్టింది మాత్రం మీ తమ్ముడు. బస్సు ఆగే చోటికి ఎదురుగా ఉన్న నడిమి భాగంలో రెండు వరసలుగా ఇరవై రెండు చిల్లులు వదిలారు. కొండలోంచి దిగే నీళ్లు వాటిలోంచి కారాలట. "వెనకాల నీళ్లు నిలబడితే ఎంత రాయైనా ఎంతకని ఆపుతుంది? దానికో దారివ్వాలి" అంటారు ఆయన. పోయిన వానలకి ఆ చిల్లుల్లో మొక్కలు మొలిచాయి. పేరు తెలియదు, ఆకులు ఈకల్లా ఉంటాయి. నేను లెక్కపెట్టాను, పంతొమ్మిది చిల్లుల్లో ఉన్నాయి. రాయి ఆగే చోట పచ్చదనం మొదలవుతుంది. ఆ గీత చూస్తే నాకు అక్కణ్ణించి కదలబుద్ధి కాదు.

మీ తమ్ముడు కాలువ గట్టు పనికి వెళ్లి నెల దాటింది. బటన్ల ఫోన్ ఆయన తీసుకుని ఫోటోలు తీసే ఈ ఫోన్ నాకు వదిలి వెళ్లారు. పక్కింటావిడ, "నీ ఫోటోల్లో ఒక్క మనిషీ లేడేమిటే" అంటుంది. మనిషిని తియ్యాలంటే "ఇటు చూడండి" అని చెప్పాలి కదా వదినా. గోడకి చెప్పక్కర్లేదు.

మీ మరదలు


ఫిబ్రవరి 18

మరదలు పిల్లకి,

నీ రాతకేం వచ్చింది? మా షాపుకొచ్చే డిగ్రీలవాళ్లు చీటీ మీద రాసే పేర్లు నేను ఇద్దరినడిగితే గానీ చదవలేను. నీది ఒక్కసారికే చదివాను. మెట్లు దిగినా పడలేదు నువ్వు.

ఫోటోలు చూశాను. చెట్టు కమ్మీని మింగినది చూసి నా కుర్చీలో నేను ఒక నిమిషం కూర్చుండిపోయాను. ముప్పై ఏళ్లుగా మొహాలు తీస్తున్నాను, నాకు ఒక్కనాడు కూడా అలాంటిది కనబడలేదు. ఇక తిట్లు విను. నాలుగు ఫోటోల్లో పొగమంచు ఉంది. అది మంచు కాదే తల్లీ, నీ చేతి నూనె. తీసే ముందు ఫోన్ వెనక అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడు. దూరంగా ఉన్నదాన్ని వేళ్లతో సాగదీసి దగ్గరికి లాగకు, కాళ్లున్నాయిగా, నడు. ఆకాశం సగం, నేల సగం పెట్టకు, ఎవరి పక్షమో తేల్చుకో. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు రాయి చచ్చిపోయినట్టుంటుంది, పొద్దున్న ఏటవాలుగా పడినప్పుడే దానికి గీతలు లేస్తాయి. అప్పుడప్పుడు ఒక మనిషి కూడా ఉండాలి, గోడ ఎంత ఎత్తో చూసేవాడికి తెలియాలంటే. మొహం అక్కర్లేదులే, భయపడకు.

ఇంకోటి. ఒకే చోట నిలబడి, ఒకే వేళకి, రోజూ అదే గోడ తియ్యి. గోడ మారదు అనుకుంటావు. మారుతుంది.

నీ ఈకల మొక్కల్ని ఫెర్న్ అంటారు. అన్నం పెడుతూ మీ అన్నయ్యకి ఆ ఫోటో చూపిస్తే, "గోడకి బొచ్చు మొలిచినట్టుంది, వచ్చే నెల పెద్దాఫీసరు రోడ్డు చూడ్డానికి వస్తాడు, నవ్విపోతాడు" అన్నారు. ఆయనకి మొక్కలంటే మొదటినుంచీ అంతే, మా డాబా మీద కుండీలు కూడా ఉండనివ్వరు.

నీ కార్డు నా దగ్గరే ఉంచుకుని కొత్తది పంపుతున్నాను. చెట్టు కమ్మీని మింగినదాని ప్రింటు కూడా పెట్టాను.

మీ వదిన, ఒంటి చెవి ఫోటోగ్రాఫరు


మార్చి 7

వదినా,

నమస్కారాలు. మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. ఆకాశం తగ్గించాను. ఒకే చోట నిలబడమన్నారు కదా, దానికో గుర్తు కూడా పెట్టుకున్నాను. బస్సు ఆగే చోట వరసగా దీపస్తంభాలున్నాయి. నాలుగో స్తంభానికి వీపు ఆనించి నిలబడితే గోడ నడిమి భాగం, బస్సు బోర్డు, పక్కన కల్వర్టు, మూడూ సరిగ్గా పడతాయి. మొదట పంపిన ఈకల మొక్కల ఫోటో కూడా అక్కడ నిలబడి తీసిందే. రోజూ ఏడింటికి అక్కడే. బస్సు కోసం వచ్చేవాళ్లు, "ఈ పిల్ల ఏ బస్సూ ఎక్కదేమిటి" అనుకుంటున్నారు. వినబడేలాగే అనుకుంటున్నారు.

ఒక సంగతి జరిగింది. నిన్న పొద్దున్న నేను వెళ్లేసరికి ఇద్దరు కూలీలు నిచ్చెన వేసుకుని గోడ మీద మొక్కలన్నీ పీకేస్తున్నారు. పీకిన చోటల్లా సిమెంటు మాలు కూరి తాపీతో నున్నగా రుద్దారు. నడిమి భాగంలో ఇరవై రెండు చిల్లులూ మూసేశారు. గోడ రెండు చివర్లలో ఉన్న చిల్లుల్ని ముట్టుకోలేదు, బస్సు దగ్గర నిలబడితే కనబడేవి మాత్రమే మూశారు. నేను స్తంభానికి అతుక్కుపోయి చూస్తూ ఉన్నాను. చిల్లులు నీళ్ల కోసమని మీ తమ్ముడు చెప్పింది గుర్తొచ్చింది. "ఎందుకు మూస్తున్నారు" అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆఫీసు పనేమో, నేనెవరు అడగడానికి అని ఊరుకున్నాను. ఫోటోలు మాత్రం తీశాను. చేతికి అదొక్కటే పని దొరికింది.

మూడు తీశాను. మొదటి రెండింటిలో గోడా మచ్చలూ ఉన్నాయి. మూడోదానిలో కల్వర్టు దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడిన ఒకాయన పడ్డాడు. కొలతకి మనిషి ఉండాలన్నారు కదా. ఇటు చూడమని నేను చెప్పలేదు, ఆయన చూడలేదు.

మీ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పనా? కాలువ దగ్గర మాట సరిగా అందదు. నా గొంతు అసలే అందదు. మీరేం చెబితే అది చేస్తాను. కార్డు కుట్టాను.

మీ మరదలు


మార్చి 16

పిల్లా,

తమ్ముణ్ణి కంగారు పెట్టకు. వాడు గట్టు మీద నిలబడి పని చేస్తున్నాడు, చెయ్యీ మనసూ ఒక్కచోట ఉండాలి. నాలుగు మొక్కలు పీకారని ఫోన్ చేస్తే నవ్వుతాడు. ఆఫీసరు వస్తున్నాడంటే ఇల్లు ఊడ్చినట్టు గోడ ఊడ్చి ఉంటారు. మళ్లీ మొలుస్తాయిలే.

శుభవార్త విను. ఇక్కడ ఫోన్‌తో తీసిన ఫోటోల ప్రదర్శన పెడుతున్నారు. చెట్టూ చేమా మనిషి కట్టినదాన్ని కలిసే చోటు, అదీ విషయం. నీకోసమే పెట్టారేమో అనుకున్నాను. ఫెర్న్ మొక్కల ఫోటో పంపిద్దాం. బస్సు బోర్డు, కింద మురిక్కాలువ అసహ్యంగా ఉన్నాయని కత్తిరించేశాను. ఇప్పుడు రాయీ ఆకులూ మాత్రమే, చూస్తే కొండల్లో ఎక్కడో తీసినట్టుంది. కొత్త వాటిలో గోడ మీద సిమెంటు మచ్చలు కొట్టొచ్చినట్టు కనబడుతుంటే గంట కూర్చుని ఒక్కొక్కటీ తీసేశాను. పెళ్లికూతురి మొహాన మొటిమలు తీసే చెయ్యి నాది, గోడ ఒక లెక్కా. మూడోదానిలో ఎవరిదో వీపు ఉంది, ప్రింటు వెయ్యలేదు.

ఫోటోలు పెట్టాను, చూసి మురిసిపో.

మీ వదిన


మే 4

వదినగారికి,

గోడ పడిపోయింది.

పోయిన గురువారం నుంచి మూడు రోజులు ఒకటే వాన. ఆదివారం మధ్యాహ్నం నడిమి భాగం ఉన్నట్టుండి ముందుకి ఒరిగి రోడ్డు మీద కూలింది. వాన కాబట్టి బస్సు దగ్గర ఎవరూ లేరు. ఒక కుక్క మాత్రం కుంటుతోంది. రెండు చివర్లూ చెక్కుచెదరలేదు, నడుమ మాత్రం పళ్లూడిన నోరులా ఉంది.

మీ తమ్ముడు కబురు తెలిసి పరుగున వచ్చారు. ఆయన వచ్చేసరికే రాళ్లన్నీ లారీల్లో ఎత్తించి పల్లంలో పోయించేశారు, రోడ్డు తెరవాలని. రోడ్ల ఆఫీసు ఇంజనీరు చెప్పిందేమిటంటే, చివర్లలో చిల్లులున్నాయి కాబట్టి అవి నిలబడ్డాయి, నడుమ చిల్లులు వదలడం మేస్త్రీ మరిచిపోయాడు, అందుకే నీళ్లు తన్ని పడింది. పని చెయ్యడానికి ఆఫీసు ఇచ్చిన మేస్త్రీ కార్డు తీసేసుకున్నారు. ఇరవై ఎనిమిదో తారీఖున విచారణ. అప్పుడు కూడా తేలకపోతే ఇక ఆయన ఏ గోడా కట్టడానికి వీల్లేదు.

ఆయన "వదిలాను" అని చెప్పారు. ఒక్కరూ నమ్మలేదు. అదృష్టం, నా దగ్గర ఫోటో ఉందని అన్నాను. నా ఫోన్‌లో ఏమీ మిగల్లేదు, అన్నీ మీకు పంపిన కార్డుల్లోనే ఉన్నాయి. ఫెర్న్ మొక్కల ఫోటో, తరవాతి ఫోటోలు వెంటనే పెద్దవి చేసి పంపండి.

మీ మరదలు


మే 9

పిల్లా,

నీ ఉత్తరం అందింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది చాలు. మీ అన్నయ్య కూడా తిండి సరిగా తినడం లేదు. అడిగితే, "వాడికి మొదటినుంచీ తొందరెక్కువ, నడుమ చిల్లులు మరిచిపోయుంటాడు, కుర్రవాడు" అన్నారు. ఆయన దగ్గరే కదా వాడు తాపీ పట్టడం నేర్చుకున్నది. ఆయన మాట కొట్టిపారెయ్యలేం. తమ్ముణ్ణి ఒక్క మాట ఒప్పుకోమను. పొరపాటు జరిగిందంటే ఆరు నెలలు ఆపి మళ్లీ ఇస్తారట. లేదని మొండికేస్తే ఎప్పటికీ ఇవ్వరట.

ఇలాంటప్పుడు కూడా నీకు ఫోటోల మీద ధ్యాస పోనందుకు కోపం రావాలి, కానీ మనసు మళ్లడానికి ఏదో ఒకటి ఉండాలిలే అనుకున్నాను. ప్రదర్శనకి సిద్ధం చేసినవే పెద్దవి చేసి పంపుతున్నాను. అద్దం కట్టించుకుంటావో ఏమో, అంచు వదిలాను.

మీ వదిన


మే 13

వదినా,

నాకు అందం వద్దు.

నేను సరిగా రాయలేదు, తప్పు నాదే. మీరు పంపిన ఫెర్న్ ఫోటో చూపిస్తే మీ తమ్ముడు, "ఇది ఏ గోడైనా కావచ్చు కదే" అన్నారు. బస్సు బోర్డు కత్తిరించేశారు మీరు. రెండోదానిలో గోడ పాలరాయిలా ఉంది, మచ్చ ఒక్కటి లేదు. ఇది తీసుకెళ్లి చూపిస్తే ఇంజనీరుకి ఇంకో సాక్ష్యం దొరికినట్టవుతుంది, చూడండి చిల్లులే లేవు అని.

నాకు కావలసింది మీరు అసహ్యమని తీసేసినవే. బోర్డు, మురిక్కాలువ, మచ్చలు. మురిక్కాలువ పక్కన ఉన్న గోడ అదొక్కటే. మొదటి ఫోటోలో ఇరవై రెండు చిల్లులు, పంతొమ్మిది మొక్కలు. రెండోదానిలో సరిగ్గా అవే చోట్ల ఇరవై రెండు మచ్చలు. రెండూ నాలుగో స్తంభం దగ్గర నుంచే తీశాను, ఒకదాని మీద ఒకటి పెడితే సరిపోతాయి. దిద్దకుండా, కత్తిరించకుండా, కార్డులో ఎలా ఉన్నాయో అలా పంపండి. కార్డు కూడా. మూడో ఫోటో కూడా వెయ్యండి, పనికొస్తుందేమో.

ఒప్పుకోమని ఆయనకి చెప్పలేదు, చెప్పను. అన్నయ్యగారి మీద గౌరవం ఉంది, కానీ ఆయన ఆ గోడ దగ్గర రోజూ నిలబడలేదు. నేను నిలబడ్డాను.

ఇంకో మాట. ఆ రోజు కూలీల్ని "ఎందుకు మూస్తున్నారు" అని అడగలేకపోయాను. రెండు మాటలు. అవి నోట్లోంచి వచ్చి ఉంటే ఈ గోడ నిలబడేదేమో. అందుకని విచారణకి నేనే వెళ్లి చెబుతాను. రోజూ అన్నం వండేటప్పుడు కిటికీకి చెప్పుకుంటున్నాను. మొదటి రోజు కిటికీ ముందు కూడా సగంలోనే ఆగిపోయాను. ఇప్పుడు పరవాలేదు.

మీ మరదలు


మే 18

మరదలా,

నీ ఉత్తరం రెండు రోజులు నా దగ్గర అలాగే ఉంది. "నాకు అందం వద్దు" అన్నావు, నా ముప్పై ఏళ్ల పనిని ఒక్క ముక్కతో తీసి పక్కన పెట్టావు. కోపంతోనే కంప్యూటర్ ముందు కూర్చుని, నువ్వు అడిగినట్టు దిద్దనివి తెరిచాను. మొదటిది, రెండోది చూశాను. నువ్వు చెప్పింది నిజం. నా తమ్ముడు చిల్లులు వదిలాడు.

తరవాత మూడోది తెరిచాను. మొదటిసారి పెద్దది చేసి చూడలేదు. ఇప్పుడు చూశాను.

ఆ వీపు మీ అన్నయ్యది. నీలం చొక్కా కాలరు చిరిగితే నేనే తిప్పి కుట్టాను, నీలం దారం అయిపోయి పచ్చదారంతో. "వెనకవైపు ఎవరు చూస్తారులే" అన్నారు. ఫోటోలో పచ్చగా గీత కనబడుతోంది. చెయ్యి చాచి పైవరస చూపిస్తున్నారు కూలీలకి. ఆ రోజు రాళ్ల క్వారీకి వెళుతున్నానని చెప్పి వెళ్లారు నాతో. నీ వీధికి వచ్చి నీ గుమ్మం తొక్కకుండా వెళ్లారంటే, ఆయనకి ఆ రోజే లోపల ఏదో గుచ్చుకుని ఉంటుంది.

ఆయనకి గోడ మీద బొచ్చు చూపించింది నేను. నీ ఫోటో చూపించి నవ్వించింది నేను. తమ్ముడికి చెప్పొద్దని నీ నోరు నొక్కింది నేను. కుర్రవాడు ఒప్పుకుంటే పోతుందని రాసింది కూడా నేనే. ఎంత సాయం చేశానో చూశావా.

ఆయన్ని నేనింకా అడగలేదు. అబద్ధం చెబుతారేమోనని భయం, నిజం చెబుతారేమోనని ఇంకా భయం. విచారణకి ఆయన్ని కూడా పిలిచారు.

కార్డులూ, మూడు ఫోటోలూ ఇందులో పెట్టాను. ఒక్కటీ దిద్దలేదు. నువ్వడిగినవన్నీ ఇచ్చాను కాబట్టి ఒక్కటి అడుగుతాను. మూడోది చూపించకు. మొదటి రెండూ చాలవా? వాడు నా తమ్ముడు, నేనెత్తుకుని తిప్పినవాడు. ఈయన నా మొగుడు. ఇలా అడగడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను.

మీ వదిన


మే 21

వదినా,

కవరు అందింది. మీరు మూడోది దాచేసి రెండే పంపి ఉంటే నాకు తెలిసేది కాదు. దాచలేదు. అది నేను మరిచిపోను.

మొదటి రెండూ మీ తమ్ముడి ముందు పెట్టాను. ఆయన కొన్నాళ్లుగా గోడ మిగిలిన కొన దగ్గరికి వెళ్లి చిల్లుల్లో వేలు పెట్టి చూస్తున్నారు. "ఇక్కడ వదిలినవాణ్ణి అక్కడ వదలకుండా ఎలా ఉంటాను? కానీ అందరూ అంటుంటే నాకే గుర్తు రావడం లేదే" అన్నారు మొన్న. వదినా, చేసిన పని మీద మనిషికి అనుమానం వస్తే చూడలేం. తాపీని గోనె గుడ్డలో చుట్టి అటక మీద పడేశారు. ఫోటో చూసి చిల్లుల్ని వేలితో లెక్కపెట్టారు, రెండుసార్లు. తరవాత లేచి అటక మీది నుంచి తాపీ దించి తుప్పు గీకుతూ కూర్చున్నారు.

"ఎవరు మూశారే" అని అడిగారు. ఇద్దరు కూలీలు అన్నాను. మూడోది చూపించలేదు.

కానీ మీరు అడిగిన మాట ఇవ్వలేను. రెండు ఫోటోలతో సరిపోతే సంతోషం. సరిపోకపోతే? మీ తమ్ముడి పేరు మీద పడిన మచ్చ నేను చూస్తూ ఊరుకోలేను, ఒకసారి ఊరుకుంటేనే ఇంత జరిగింది. మీకు ఇవ్వగలిగిన మాట ఒక్కటే. అన్నయ్యగారికి ముందు చెప్పుకునే వీలిస్తాను. ఆయన నోరు విప్పడానికి ఎంతసేపు పట్టినా ఆగుతాను. తిట్టుకోండి, పరవాలేదు. ఉత్తరాలు మాత్రం మానకండి.

మీ మరదలు


మే 30

వదినా,

అన్నయ్యగారు ఇంటికి వచ్చి మీకు ఏం చెప్పారో నాకు తెలియదు. జరిగింది జరిగినట్టు నేను రాస్తాను.

ఆఫీసులో పొడుగాటి బల్ల. అటు ఇంజనీరూ, రాసుకునే గుమాస్తా. ఇటు బెంచీ మీద అన్నయ్యగారు ఒక కొసన, మీ తమ్ముడు ఇంకో కొసన. నడుమ ముగ్గురు కూర్చునేంత ఖాళీ. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. గుమాస్తా నన్ను చూసి, "టీ గ్లాసులు తరవాత తీసుకెళుదువుగానిలే" అన్నాడు. మీ తమ్ముడు, "ఆవిడ నా భార్యండీ, చెప్పాల్సింది ఆవిడే" అన్నారు.

కిటికీకి చెప్పుకున్నదంతా మరిచిపోయాను. అందుకని ఏమీ చెప్పకుండా ముందు రెండు ఫోటోలూ బల్ల మీద పెట్టాను. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. తరవాత మాట వచ్చింది.

"ఇది ఫిబ్రవరిలోదండి. చిల్లులున్నాయి. ఇది మార్చి ఆరో తారీఖుదండి. మూసేశారు. రెండూ ఒకే స్తంభం దగ్గర నిలబడి తీశాను. తారీఖులు కార్డులో ఉన్నాయి, చూసుకోండి."

ఇంజనీరు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. కళ్లజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. "నువ్వు తీశావా? ఎందుకు తీశావు?" అన్నాడు.

"బాగున్నాయని అండి."

"ఏం బాగున్నాయి?"

"రాయీ ఆకూ కలిసే చోటండి."

గుమాస్తా కిసుక్కున నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు. "సరేనమ్మా, చిల్లులు వదిలాడు, ఒప్పుకున్నాను. మరి మూసిందెవరు? మీ ఆయన మనుషులే అయితే మళ్లీ మీ ఆయన మీదికే వస్తుంది" అన్నాడు. ఆ నెలంతా ఆయన కాలువ దగ్గరున్నారని చెప్పాను. "మనిషి అక్కడున్నా ఇక్కడ పని చేయించొచ్చుగా" అన్నాడు.

అప్పుడు సంచీలోంచి ఇంకో ఫోటో తీసి బల్ల మీద బోర్లా పెట్టాను. దాని మీద అరచెయ్యి ఉంచి అన్నయ్యగారి వైపు తిరిగాను. ఆయన మొహం వైపు నేను ఎప్పుడూ సూటిగా చూసినదాన్ని కాను. చూశాను.

"ఇది మీరు తిప్పుతారా అన్నయ్యగారూ, నేను తిప్పనా?" అన్నాను.

ఇది నా గొంతేనా అనిపించింది. మీకిచ్చిన మాట ప్రకారం ఆగాను. గోడ గడియారం టకటకమంటోంది. మీ తమ్ముడు నన్ను, ఆయన్ని మార్చి మార్చి చూస్తున్నారు. గుమాస్తా చెయ్యి చాస్తే ఇంజనీరు "ఆగవయ్యా" అన్నాడు.

అన్నయ్యగారు లేచి వచ్చారు. ఆ కాగితం మీద వేలు పెట్టారు కానీ తిప్పలేదు. "అక్కర్లేదమ్మా" అన్నారు. తరవాత ఇంజనీరుతో, "మూయించింది నేనండి. పెద్దసారు వస్తున్నారని, చూడ్డానికి నున్నగా ఉండాలని. వానల ముందు తెరిపిద్దామనుకున్నాను, ఈ పనిలో ఆ పనిలో పడిపోయాను. పడ్డాక భయపడ్డాను. వీడు సరిగానే కట్టాడు. నాకంటే సరిగా కట్టాడు" అన్నారు.

మీ తమ్ముడు బెంచీ మీదే ఉన్నారు. "ఒక్క ముక్క నాతో అంటే సరిపోయేది కదా బావా" అన్నారు. అంతే. అరిచి ఉంటే నయమనిపించింది నాకు.

మేస్త్రీ కార్డు ఆ రోజే తిరిగి ఇచ్చేశారు. అన్నయ్యగారు ఏడాదిపాటు తన పేరు మీద ఆఫీసు పనులేవీ తీసుకోకూడదని రాశారు. గోడ మళ్లీ కట్టేది మీ తమ్ముడే. బయటికి వచ్చాక ఇద్దరూ రోడ్డుకి చెరో పక్కన నడిచారు, వెనక నేను. మా గుమ్మం దగ్గర అన్నయ్యగారు ఆగిపోతే మీ తమ్ముడు, "లోపలికి రా బావా. తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, వీధిలో కుదరదు" అన్నారు. తిట్టారు కూడా, గంటసేపు. తరవాత, నడిమి భాగం పునాదికి పెద్ద రాళ్లు ఎక్కడివి మంచివని అడిగారు. అన్నయ్యగారు చెప్పారు. సోమవారం నుంచి ఆయన కూడా పనిలోకి వస్తానన్నారు, కూలీగా. మీ తమ్ముడు తాపీలు రెండు కడిగి పెట్టారు.

ఇక మీకు ఒక్కరికే చెప్పే మాట.

మూడో ఫోటో ఆఫీసుకి తీసుకెళ్లలేదు వదినా. పెట్టెలో బట్టల అడుగున ఉంచి వెళ్లాను. చేతిలో ఉంటే చూపించేస్తానని నాకు తెలుసు. చూపించాక ఆయన చెప్పుకోవడానికి ఏం మిగులుతుంది? బల్ల మీద బోర్లా పెట్టింది, ఫోటోలు వంగకుండా మీరు కవరు అడుగున పెట్టే చెడిపోయిన ప్రింటు. ఎవరో బట్టతలాయన పాస్‌పోర్టు ఫోటోలు, ఎనిమిది. ఎనిమిదింటిలోనూ కళ్లు మూసుకుని ఉన్నాడు. అన్నయ్యగారు తిప్పి ఉంటే ఏం చేసేదాన్నో అంటారా? ఇంటికి వెళ్లి అసలుది తెచ్చేదాన్ని. పావుగంట నడక. ఆ పావుగంట వాళ్లందరినీ అక్కడే కూర్చోబెట్టేదాన్ని కూడా.

అసలుది నిన్న పొయ్యిలో వేశాను. కార్డులోంచి కూడా తీసేశాను. ఇక అది లేదు.

తప్పు తన నోటితో తనే చెప్పుకున్నానని అన్నయ్యగారు అనుకుంటున్నారు. అది నిజమే. నేను బలవంతం చేశాననీ లేదు, మోసం చేశాననీ లేదు, కానీ ఆ బట్టతలాయన సంగతి తెలిస్తే ఆయనకి అలా అనిపించదు. ఆయనకీ తెలియకూడదు, మీ తమ్ముడికీ తెలియకూడదు. నవ్వొచ్చి ఎవరికైనా చెప్పబుద్ధేస్తుంది మీకు, నాకు తెలుసు. అందుకని ముందు బాగా నవ్వుకోండి, షాపు తలుపు వేసుకుని. నవ్వడం అయ్యాక ఈ ఉత్తరం కాల్చేయండి. చింపి పారెయ్యకండి, కాల్చండి.

మీ మరదలు